మద్దిలేటికి, మిద్దెతోట గురించి

ఒరే మద్దిలేటీ,

రాత్రి ఒంటిగంటయినా కన్ను మూతపడటం లేదని, చేతిలో ఫోను దిగటం లేదని రాశావు. షుగర్ సంగతి డాక్టరుకు వదిలెయ్. మిద్దె మీద నాలుగు గ్రోబ్యాగులు, అదే మొక్కలు పెంచే సంచులు, పెట్టు.

ఊరికే చెప్పేది కాదప్పా. 2011లో అచ్చయిన ఒక నెదర్లాండ్స్ పరిశోధనలో 30 మంది తోటపని చేసేవాళ్లకు చికాకు పుట్టించే పని ఇచ్చి, తర్వాత కొందర్ని అరగంట తోటలోకి, మిగతావాళ్లను అరగంట పుస్తకం ముందుకు పంపారు. ఒత్తిడి పెరిగితే పెరిగే కార్టిసాల్ అనే హార్మోను అందరికీ తగ్గింది గానీ, తోటలోకి పోయినోళ్లకు బాగా తగ్గింది. మనసు తేటపడిందీ వాళ్లకే. హాల్లో రెండు మనీప్లాంట్లు పెడితే గాలి శుభ్రమయిపోతుందంటారే, అది నమ్మొద్దు. 1989లో నాసావాళ్లు మొక్కలు గాలిని శుభ్రం చేస్తాయని చూసింది మూసిన పెట్టెల్లో, ఇళ్లలో కాదు. కిటికీ తెరిస్తే అంతకన్నా మేలు. మనకు కావాల్సింది చేతికి రోజూ కాస్త పని.

అందుకే నాలుగే. ఆశపడి ఇరవై పెడితే ఏప్రిల్ ఎండకు నీళ్లు మోయలేక ఆ తోటే ఇంకో తలనొప్పి అవుతుంది. 12 అంగుళాల సంచికి ఎర్రమట్టి రెండు పాళ్లు, మాగిన పశువుల ఎరువు ఒక పాలు, కొబ్బరిపొట్టు ఒక పాలు, గుప్పెడు వేపపిండి. కొబ్బరిపొట్టు ఇటుకను నానబెట్టి రెండుసార్లు పిండి, ఆ ఎర్రనీళ్లు పారబొయ్యి. అందులో ఉప్పుంటుంది. మీ నల్లరేగడి వద్దు, ఎండితే పగులిచ్చి నీళ్లన్నీ అంచుల వెంట జారిపోతాయి. పైన రెండంగుళాల మందం బుడ్డల (వేరుశనగ) పొట్టు పరిస్తే తడి నిలుస్తుంది. సంచులు ఇటుకల మీద పెట్టు, కాలే మిద్దెకు వేర్లు ఉడకవు.

ఎక్కువమంది మొక్కల్ని చంపేది నీళ్లతోనే. మధ్యాహ్నం రెండుకు వంగాకు వాలిపోతే పాపం అని చెంబెడు పోస్తారు. అది ఎండకు వాలడం. సాయంత్రం ఆరుకు చూడు, లేచి నిలబడుంటుంది. అప్పటికీ లేవకపోతే వేలు రెండు కణుపుల లోతు మట్టిలోకి దించు. పొడిగా ఉంటేనే పొయ్యి. తడిగా ఉండీ వాలితే వేరు కుళ్లుతూ ఉండొచ్చు. సంచి అడుగు బొక్కలు పూడిపోయాయేమో చూడు.

బోరునీళ్లు పోస్తే మట్టి మీద తెల్లగా పొరకడుతుంది. పదిహేను రోజులకోసారి అడుగు నుంచి కారేదాకా పోసి ఆ ఉప్పు కడుగు. ఆర్వో మిషను వదిలే నీళ్లు అసలు పోయొద్దు, అందులో ఉప్పు ఇంకా ఎక్కువ.

నీకు చెప్పులు, చేతితొడుగులు తప్పనిసరి. షుగరున్న కాలికి మిద్దె వేడికి కాలినా తెలియకపోవచ్చు. టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నావో చూసుకో. పని పొద్దున ఎనిమిదిలోపే, ఫోను కింద పెట్టి పో.

మృగశిర కార్తెకు మొదలుపెట్టు. ముందు మెంతికూర, తోటకూర చల్లు, నెల తిరక్కుండా కూర చేతికొస్తుంది. వంగ, గోంగూర తర్వాత చూద్దాం. పుదీనాకు నర్సరీకి పోవద్దు. అంగట్లో కట్ట తెచ్చి, లావు కాడలకు కింది ఆకులు దూసి, గ్లాసు నీళ్లలో నీడన పెట్టు. తెల్లవేర్లు రాగానే నాటు, దానికి వేరే సంచి ఇయ్యి. పక్క మొక్కను బతకనీదు అది.

నీ ఓబులేసు,
అనంతపురం