నిజం చెప్పడానికీ ప్రాక్టీస్ కావాలి

ఎడిటర్ గారికి,

కంపెనీ ఎండీలను టీవీ ఇంటర్వ్యూలకు సిద్ధం చేయడం నా పని. అది అబద్ధాలు నేర్పడమేనని చాలామంది అంటారు. కాదండీ.

పోయిన నెల ఒక ఫ్యాక్టరీ యజమాని వచ్చారు. ఆయన యూనిట్‌లో మంటలు లేచి ఇద్దరు కార్మికులు గాయపడ్డారు. గేటు దగ్గర విలేకరులు మైకులు పెడితే ఆయన ముందుగా చెప్పింది సరుకు నష్టం, ఇన్సూరెన్స్ సంగతి. ఆ వీడియో చూపిస్తే చాలాసేపు తల ఎత్తలేదు. "వాళ్లని నా కారులోనే ఆస్పత్రికి తీసుకెళ్లానండీ, టెన్షన్‌లో ఆ మాటే నోటికి రాలేదు" అన్నారు.

2010లో మెక్సికో గల్ఫ్ చమురు బావి ప్రమాదంలో 11 మంది పోయాక, ఆ బావి నడిపిన బ్రిటిష్ చమురు కంపెనీ బీపీ అధిపతి టోనీ హేవర్డ్ తన జీవితం తనకు తిరిగి కావాలన్నారు. ఆ ఏడాదే పదవి వదిలారు.

జీడిమెట్ల, పటాన్‌చెరు ఫ్యాక్టరీల యజమానులకు నా విన్నపం. ప్రమాదం జరిగేదాకా ఆగకండి. మీ ఆఫీసులోనే ఫోన్ కెమెరా పెట్టి, మీ మేనేజర్‌తోనే గట్టి ప్రశ్నలు అడిగించుకోండి. ముందు మనుషుల గురించి చెప్పండి. తెలియనిదానికి "కనుక్కుని సాయంత్రంలోగా చెప్తాను" అనండి, చెప్పండి కూడా. తెలుగు ఛానెల్ అయితే తెలుగులోనే మాట్లాడండి, మీ కార్మికుల ఇళ్లలో చూసేది అదే.

– ఒక మీడియా శిక్షకుడు,
సనత్‌నగర్, హైదరాబాద్