కార్తికం నుంచి సంక్రాంతి దాకా మండపంలో సాయంకాల ఉపన్యాసాలు: రామాలయ కమిటీ విరాళాల విజ్ఞప్తి

భక్త మహాశయులకు, పేట పెద్దలకు, సోదరీ సోదరులకు గుంటూరు బ్రాడీపేటలోని మన రామాలయ కమిటీ నమస్కరించి చేసుకుంటున్న విన్నపం.

రాబోయే కార్తిక మాసం మొదటి శనివారం నుంచి సంక్రాంతికి ముందు వచ్చే శనివారం వరకు, వారానికి ఒక సాయంత్రం చొప్పున, పండితులను, పరిశోధకులను, వైద్యులను అతిథులుగా పిలిచి గుడి మండపంలో ఉపన్యాసాలు చెప్పించాలని కమిటీ నిర్ణయించింది. శనివారాల్లో తొమ్మిది, కార్తిక పౌర్ణమి నాడు ఒకటి, మొత్తం పది ఉపన్యాసాలు ఉంటాయి. సాయంకాలపు హారతి అయిన తరువాత ఆరున్నరకు పేటలోని పిల్లల్లో ఒకరు పద్యం చదవగా సభ మొదలవుతుంది. ఆ తరువాత గంటసేపు ప్రసంగం, మిగిలిన సమయమంతా శ్రోతల ప్రశ్నలు, ఎనిమిదింటికి ప్రసాదం. ప్రవేశానికి టికెట్టు లేదు. కులంతో, మతంతో, పేటతో నిమిత్తం లేకుండా వినాలన్న కోరిక ఉన్న ప్రతి ఒక్కరికీ మండపంలో చోటు ఉంటుంది. ఈ పది సాయంత్రాలకు కావలసిన ధనాన్ని మీ నుంచి కోరడానికే ఈ లేఖ రాస్తున్నాము.

హుండీ సొమ్ములోంచి ఈ ఖర్చు పెట్టవచ్చు కదా అని కొందరు పెద్దలు అడిగారు. ఆ సొమ్ము నిత్య ధూపదీప నైవేద్యాలకు, అర్చకస్వామి జీతానికి, శ్రీరామనవమి కల్యాణానికి ఉద్దేశించినది. స్వామి సేవ కోసం వేసిన రూపాయిని మరొక పనికి, అది ఎంత మంచి పనైనా సరే, మళ్లించకూడదని కమిటీ భావిస్తోంది. ఉపన్యాసాల కోసమని తెలిసి ఇచ్చిన ధనంతోనే ఉపన్యాసాలు జరగాలి.

గుడిలో ఉపన్యాసాలేమిటన్న సందేహం కూడా వినవచ్చింది. పల్లవరాజు మొదటి పరమేశ్వరవర్మ 7వ శతాబ్దంలో కంచి దగ్గరి కూరం గ్రామంలో ఒక దేవాలయానికి ఇచ్చిన దానశాసనం ఇప్పటికీ ఉంది. అందులో అర్చనకు, గుడి మరమ్మతులకు భాగాలు కేటాయించడంతో పాటు, మండపంలో నీటికి, నిప్పుకు ఒక భాగాన్ని, అదే మండపంలో భారతం చదివి వినిపించడానికి మరొక భాగాన్ని విడిగా రాసిపెట్టారు. అంటే పదమూడు వందల ఏళ్ళ కిందటే, చదివేవారికి బత్తెం ఉండాలని, వినడానికి వచ్చినవారికి దాహం తీరాలని ఆలోచించి, పూజతో సమానంగా వాటికి ఏర్పాటు చేశారు. ఈనాడు మేము మీ ముందు పెడుతున్న ఖర్చుల పట్టీ కూడా దాదాపు ఇదే.

మొదటి ఉపన్యాసం వైద్యులది. కార్తిక సోమవారాలు, ఏకాదశి, పౌర్ణమి ఉపవాసాలు మన పేటలో నిష్ఠగా చేసేవారు చాలామంది ఉన్నారు, వారిలో మధుమేహం ఉన్న పెద్దలూ ఉన్నారు. ఇన్సులిన్ తీసుకునేవారు, చక్కెరను తగ్గించే కొన్ని రకాల మాత్రలు వేసుకునేవారు రోజంతా ఏమీ తినకుండా ఉంటే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఉపవాసం మానమని చెప్పడానికి కాదు, ఏ మందు వేసుకునేవారు ముందుగా తమ వైద్యుణ్ణి ఏమి అడగాలో, చెమటలు, వణుకు, తలతిరుగుడు వచ్చినప్పుడు ఏమి చేయాలో తెలియజెప్పడానికే ఈ ప్రసంగాన్ని మాసారంభంలో పెట్టాము. ఇంట్లో పెద్దవారిని వెంటబెట్టుకుని తప్పక రావలసిందిగా ప్రార్థన.

కార్తిక పౌర్ణమి నాటి సభ కొంత మండపంలో, కొంత ఆరుబయట జరుగుతుంది. పౌర్ణమి నాడు చంద్రుడు కృత్తికల దాపున ఉంటాడు కనుకనే ఈ మాసానికి ఆ పేరు వచ్చింది. చిన్నప్పటినుంచీ విన్న ఈ మాటను ఆకాశంలో కళ్ళారా చూసినవారు మనలో ఎందరున్నారు? ఆ సాయంత్రం చంద్రోదయం తరువాత తూర్పు దిక్కున కృత్తికలను చూపించడానికి ఖగోళశాస్త్రం బోధించే అధ్యాపకులను పిలుస్తున్నాము. నిండు వెన్నెలలో ఆ చుక్కలు మసకబారతాయి కాబట్టి దుర్భిణి కూడా తెప్పిస్తాము. పన్నెండు చాంద్రమాసాలు కలిస్తే సుమారు 354 రోజులే అవుతాయని, సౌరసంవత్సరంతో ఏటా పడే పదకొండు రోజుల తేడాను సర్దడానికే దాదాపు 32, 33 నెలలకొకసారి అధికమాసం వస్తుందని, పంచాంగం వెనుక ఉన్న ఈ లెక్కను పిల్లలకు అర్థమయ్యేట్టు ఆయన వివరిస్తారు. జ్వాలాతోరణం ఆ తరువాతనే వెలిగిస్తాము.

మన జిల్లా శాసనాలకు రెండు సాయంత్రాలు కేటాయించాము, కమిటీలో అందరూ ఎక్కువ ఆసక్తితో ఎదురుచూస్తున్నవి ఇవే. చేబ్రోలు భీమేశ్వరాలయం పునరుద్ధరణ సందర్భంలో బయటపడిన ఒక శాసనాన్ని 2019లో పురావస్తు శాఖ శాసన విభాగం చదివి ప్రకటించింది. శాతవాహన రాజు విజయుని కాలానికి, అంటే క్రీ.శ. 207 నాటికి చెందిన ఈ శాసనం దక్షిణ భారతంలో ఇంతవరకు దొరికిన సంస్కృత శాసనాల్లో అతి పురాతనమైనదని ఆ విభాగం నిర్ధారించింది. కార్తికుడనే వ్యక్తి అక్కడి అమ్మవారి సన్నిధిలో ప్రాసాదాన్ని, మండపాన్ని కట్టించి విగ్రహాలు ప్రతిష్ఠించాడని అందులో ఉంది. చేబ్రోలు మనకు బస్సులో అరగంట, ముప్పావు గంట ప్రయాణం. అంత దగ్గరలో ఉన్న ఊరి గురించి ఇంత గొప్ప సంగతి మన బడిపిల్లలకు తెలియకపోవడం బాధాకరమని మేము భావిస్తున్నాము.

రెండవది అమరావతి స్తూపం గురించి. 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి కర్నల్ మెకంజీ ఆ దిబ్బను చూసిన నాటినుంచి అక్కడి శిల్పాలు ఎక్కడెక్కడికి తరలిపోయాయో, చెన్నై ఎగ్మూరు మ్యూజియంలోను, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలోను ఏవి ఉన్నాయో చిత్రాలతో చూపిస్తారు. ఆ సున్నపురాతి పలకల మీద దాతల పేర్లు చెక్కి ఉన్నాయి. వారిలో గృహస్థులున్నారు, వర్తకులున్నారు, భిక్షుణులున్నారు. పూర్ణకుంభం చెక్కిన ఒక పలకను విధికుడనే చర్మకారుడు తన కుటుంబంతో కలిసి సమర్పించాడు. రాజులు ఇచ్చిన అగ్రహారాల కన్న ఈ చెప్పులు కుట్టే మనిషి ఇచ్చిన ఒక్క రాతిపలక మా మనసుకు ఎక్కువగా హత్తుకున్నది. ఎంత ఇవ్వగలిగితే అంతే ఇవ్వండి అని ఈ విజ్ఞప్తిలో పదేపదే కోరడానికి కారణం అదే.

తిక్కన సోమయాజి గురించి ఒక సాయంత్రం తప్పనిసరి. నెల్లూరిలో మనుమసిద్ధి కొలువులో వెలిగిన మహాకవి అయినా, తన తాత మంత్రి భాస్కరుణ్ణి గుంటూరి విభుడని చెప్పుకున్నవాడు, మన ఊరివాడు. విరాటపర్వం మొదలు పదిహేను పర్వాలను తెలుగు చేసిన ఆయన ఉద్యోగపర్వంలో శ్రీకృష్ణుని రాయబారాన్ని ఎలా నడిపించాడో, మన పెద్దలు హార్మోనియం శ్రుతిలో పాడుకునే తిరుపతి వేంకట కవుల నాటకపద్యాలు అదే ఘట్టాన్ని ఎలా మలచాయో పక్కపక్కన పెట్టి వినిపించే వక్తను కోరుతున్నాము. రాగయుక్తంగా పద్యం చదవగలవారు దొరికితే ఈ ఒక్క సభకు గంటన్నర సమయం ఇవ్వడానికి కమిటీ సిద్ధంగా ఉంది.

విజయవాడలో కుమారస్వామికి గుడి కట్టించిన సంగతిని మధ్యాక్కర పద్యాలలో చెప్పిన యుద్ధమల్లుని శాసనం, ఎర్రన, శ్రీనాథుల నాటి కొండవీటి రెడ్డిరాజుల చరిత్ర, 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ కథతో పాటు ఆ ముంపు నుంచి కాపాడిన నాగార్జునకొండ శిథిలాల కథ, పోర్చుగీసువారి రాకతో ఈ దేశానికి చేరి నేడు మన యార్డుకు ప్రపంచమంతటా పేరు తెచ్చిన మిరప పంట, ఇవి తక్కిన వారాల విషయాలు. ధనుర్మాసంలో ఉదయం తిరుప్పావై ఎప్పటిలాగే జరుగుతుంది. ఆ మాసంలో ఒక శనివారం సాయంత్రం గోదాదేవి కథపై ప్రసంగం ఉంటుంది. 1515లో కొండవీడును జయించిన కృష్ణదేవరాయలే ఆముక్తమాల్యదలో ఆ కథను తెలుగులో కావ్యంగా చెప్పాడు కదా. రాజకీయ పార్టీల ప్రస్తావనకు, సరుకుల ప్రచారానికి వేదిక మీద అవకాశం ఉండదు. వక్తల పేర్లను వారి అంగీకారం రాతపూర్వకంగా అందిన తరువాతనే గుడి బోర్డు మీద ప్రకటిస్తాము.

ఇక ఖర్చుల విషయం. వక్త సంభావన 5,000 రూపాయలు, రాకపోకలకు, బసకు 3,000, మైకు, కుర్చీలు, దీపాలకు 2,500, ప్రసాదానికి, తేనీటికి, మంచినీటికి 1,500, మొత్తం సాయంత్రానికి 12,000 రూపాయలు. పది సాయంత్రాలకు 1,20,000. ప్రసంగాలన్నింటినీ చక్కగా రికార్డు చేసి, గుడికి రాలేని వృద్ధులకు, దూరదేశాల్లో ఉన్న మన పిల్లలకు అందేట్టు చేయడానికి మరో 30,000. వెరసి 1,50,000 రూపాయలు కావాలి.

సంభావన గురించి కొంచెం వివరంగా చెప్పవలసి ఉంది. ఒక శాసనాన్ని చదవడం నేర్చుకోవడానికి, ఒక పర్వాన్ని కంఠస్థం చేయడానికి జీవితకాలం వెచ్చించినవారిని సభకు పిలిచి, శాలువా కప్పి, పండ్లు చేతిలో పెట్టి సాగనంపడం మన ఊళ్ళలో మర్యాదగానే సాగుతున్నది. అటువంటివారిలో ఎక్కువమంది పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు, పంతుళ్ళు, సొంత ఖర్చుతో పుస్తకాలు అచ్చువేసుకున్నవారు. వారు నోరు తెరిచి అడగరు. అడగరన్న కారణంతో ఇవ్వకపోవడం ధర్మం కాదని కమిటీ నమ్మకం. కనుక శాలువా ఉంటుంది, పండ్లూ ఉంటాయి, వాటితో పాటు సంభావన, దారిఖర్చులు అదే సాయంత్రం కవరులో పెట్టి అందజేస్తాము. వసూలైన ధనం తక్కువైతే ముందుగా రికార్డింగును, ఆ తరువాత అద్దె కుర్చీలను తగ్గించుకుని జంపఖానాలు పరుస్తాము గాని సంభావనలో ఒక్క రూపాయి కూడా తగ్గించము.

మైకు విషయంలోనూ ఒక మాట. హాస్టళ్ళలో, ఇళ్ళలో పరీక్షలకు చదువుకునే పిల్లలు చుట్టూ ఉన్నారు కాబట్టి వీధిలోకి హారన్లు పెట్టము. మండపంలో స్తంభాల దగ్గర చిన్న పెట్టెలు అమర్చి, వెనుక వరుసలో కూర్చున్న పెద్దలకు కూడా స్పష్టంగా వినబడేట్టు చూస్తాము.

ఒక కుటుంబం ఒక సాయంత్రం ఖర్చును పూర్తిగా భరించదలిస్తే, పుట్టినరోజు, పెళ్ళిరోజు లేదా పెద్దల పేరిట ఆ సభను నిర్వహిస్తాము, సంకల్పంలో గోత్రనామాలు చదువుతాము. అంత వద్దనుకునేవారు వక్త ప్రయాణఖర్చునో, ప్రసాదాన్నో స్వీకరించవచ్చు. వంద రూపాయలైనా, యాభై అయినా రసీదు ఇస్తాము, దాతల పట్టికలో అక్షరక్రమంలో పేరు రాస్తాము తప్ప మొత్తాన్ని బట్టి పైనా కిందా వేయము. ధనం ఇవ్వలేనివారు రాత్రికి అతిథికి తమ ఇంట శాకాహార భోజనం పెట్టవచ్చు, రైల్వే స్టేషన్ నుంచో, బస్టాండు నుంచో తమ వాహనంలో తీసుకురావచ్చు. కుర్చీలు వేసే యువకుల సహాయం మాకు డబ్బుతో సమానం.

విరాళాలను రోజూ సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది వరకు గుడి కార్యాలయంలో నగదుగా గాని, చెక్కుగా గాని, అక్కడ అతికించిన యూపీఐ కోడు ద్వారా గాని చెల్లించి రసీదు పొందగలరు. గుడి పేరుతో వాట్సాప్‌లో వచ్చే కోడులకు, ఫోన్ నంబర్లకు దయచేసి డబ్బు పంపవద్దు, కమిటీ అటువంటివి ఎవరికీ పంపదు. ఆదాయపు పన్ను మినహాయింపుకు కావలసిన అనుమతి మన కమిటీకి లేదని కూడా ముందుగానే తెలియజేస్తున్నాము. ఈ ధనాన్ని విడి ఖాతాలో ఉంచి, కనుమ పండుగ వెళ్ళిన వారంలోగా రాబడి, ఖర్చుల వివరాలను బిల్లులతో సహా నోటీసు బోర్డులో పెడతాము. మిగులు ఏమైనా ఉంటే వచ్చే ఏటి ఉపన్యాసాలకే వాడతాము.

రైలు టికెట్ల రిజర్వేషన్ 60 రోజుల ముందు నుంచే మొదలవుతుంది, దూరం నుంచి వచ్చే వక్తలకు ఆలోగా మాట ఇవ్వవలసి ఉంటుంది. అందుచేత సాయంత్రపు ఖర్చు పూర్తిగా స్వీకరించదలచిన దాతలు విజయదశమి లోపు, తక్కినవారు దీపావళి లోపు తమ పేర్లు కార్యాలయంలో నమోదు చేయించవలసిందిగా కోరుతున్నాము.

ఇట్లు,
రామాలయ కమిటీ అధ్యక్షులు, కార్యదర్శి, సభ్యులు
బ్రాడీపేట, గుంటూరు