కత్తెర ఆవిడది, కెమెరా ఆయనది

ఒరేయ్,

నీడబొమ్మల సినిమా తీస్తానని రాశావు. అయితే ముందు జర్మనీలో నీడబొమ్మల సినిమాలు తీసిన లోటె రైనిగర్, ఆవిడ భర్త కార్ల్ కోఖ్ పని ఎలా చేశారో తెలుసుకో. పేరంతా ఆవిడకే వచ్చింది గానీ బల్ల దగ్గర ఇద్దరూ ఉన్నారు. 1921లో పెళ్ళి. 1923 నుంచి 1926 దాకా పోట్స్‌డామ్‌లో ఒక బ్యాంకరు గారి గ్యారేజీ మీది అటకలో ‘ప్రిన్స్ అఖ్మద్’ తీశారు. ఇవాళ్టికి మిగిలిన పూర్తినిడివి యానిమేషన్ సినిమాల్లో అదే పాతది.

అద్దం బల్ల, కింద దీపాలు, పైన కెమెరా. ఆవిడ నల్ల అట్టా, పల్చటి సీసపు రేకూ కత్తిరించి కీళ్ళ దగ్గర సన్నటి తీగతో కలిపేది. కత్తెర కదలదురా, కాగితమే తిరుగుతుంది! వంపు విరగకుండా వచ్చేది అందుకే. సీసం బరువుకి బొమ్మ అద్దానికి అంటుకుని ఉంటుంది. ఉత్త అట్టయితే దీపాల వేడికి అంచు లేచి నీడ మసకబారుతుంది. కీలు వదులైతే చెయ్యి తియ్యగానే మోచెయ్యి జారిపోతుంది. బిగుసుకుంటే ఒక కాలు జరిపినా ఒళ్ళంతా కదులుతుంది. మన తోలుబొమ్మకి రంగులోంచి వెలుతురొచ్చి కన్నూ ముక్కూ కనిపిస్తాయి. ఇక్కడ అంచు ఒక్కటే ఆధారం. అందుకే దగ్గరి షాటుకి తల మళ్ళీ పెద్దగా కత్తిరించుకోవాలి.

కెమెరా, నిర్మాణం కోఖ్ చూసుకున్నాడు. నాజీల జర్మనీ వదిలాక ఏ దేశమూ శాశ్వతంగా ఉండనివ్వలేదు. వీసా అయిపోయినప్పుడల్లా లండన్, పారిస్, రోమ్ మారారు. పారిస్‌లో ఫ్రెంచి సినిమా దర్శకుడు జాఁ రెన్వార్ ఆదుకున్నాడు: ఆయన 1938లో తీసిన ‘లా మార్సెయేజ్’లో నీడలాట ఘట్టం ఆవిడదే. రోమ్‌లో రెన్వార్ మధ్యలో వదిలిన ‘టోస్కా’ సినిమాని కోఖ్ పూర్తిచేశాడు. ఆవిడ తల్లికి జబ్బు చేస్తే, యుద్ధం ఇంకా నడుస్తుండగానే బెర్లిన్ తిరిగొచ్చారు. 1949లో లండన్ చేరారు. అక్కడ 1953లో వాళ్ళ కోసం కంపెనీ పెట్టింది ఎవరనుకున్నావ్? ఆ బ్యాంకరు గారబ్బాయే.

1963లో కోఖ్ పోయాక చాలా ఏళ్ళు ఆవిడ సినిమా ముట్టలేదు. మళ్ళీ 1970ల్లో, కెనడాలో తీసింది. ఆయన వాటా ఎంతో నాకు అక్కడే అర్థమైంది.

నువ్వు ముందు పది సెకన్ల నడక తియ్యి. సెకనుకి 24 ఫ్రేములు, కదలికకి రెండేసి చొప్పున మొత్తం 120 కదలికలు. బొమ్మ నువ్వు జరుపు, కెమెరా బటన్ చెల్లెమ్మ చేతికివ్వు. నీ వేలు ఫ్రేములో మిగిలిపోయిందో లేదో రెండో మనిషికే కనిపిస్తుంది. తీశాక నాకు పంపు, కీళ్ళు చూసి చెప్తాను.

నీ
మిత్రుడు