అరిసెలకి భయపడి ఊరు మానేస్తావా?

విజయనగరం,
నవంబరు మొదటి వారం.

ఏరా బావా,

నీ ఉత్తరం చేరింది. షుగర్ అని తేలగానే పెద్దపండక్కి ఊరే రానన్నావు చూడు, మా ఆవిడ చదివి పకపకా నవ్వింది.

మొన్న పైడితల్లమ్మ జాతరలో, పూజారి ఎక్కి కూర్చునే ఆ పొడవాటి మాను, సిరిమాను, ఊరేగిన రోజు సంగతి చెప్తాను విను. ముందు రోజు తొలేళ్ల రాత్రికే ఇంటినిండా చుట్టాలు. మంగళవారం మధ్యాహ్నం కోట దగ్గర చోటు దొరకదేమోనని ఒకటే హడావుడి. విస్తట్లో పులిహోర, పప్పు, గుమ్మడికాయ పులుసు, బూరెలు పడీ పడకముందే ఊదేశారు. కడుపు నిండిన కబురు బుర్రకి చేరడానికి ఇరవై నిమిషాల దాకా పడుతుంది కదా, మనవాళ్లకి అది గుడి పక్క మూడులాంతర్ల సెంటర్ దగ్గర జనంలో ఇరుక్కున్నాక చేరింది. ఒకటే ఆయాసం, సోడా ఎక్కడ దొరుకుతుందా అని వెతుకులాట.

మావయ్య మాత్రం పీట మీంచి కదల్లేదు. "సిరిమాను గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది, మొదటిసారి నేను లేకపోతే అమ్మవారేం అనుకోదులే" అన్నాడు. ఆయనా నీ బాపతే, చాలాకాలంగా మాత్రల మీద ఉన్నాడు. ముందు కూర, పప్పు తిన్నాడు. అన్నం ఆఖర్న, అదీ కొంచెం. ఆ వరసలో తింటే షుగర్ ఒక్కసారిగా ఎగబాకదు. బూరె ఒక్కటే వేయించుకుని, దానికి చిల్లు పెట్టి నెయ్యి పోయించుకుని, చిన్న ముక్కలుగా తుంచి నమిలాడు. అత్త ఇంకోటి వెయ్యబోతే చెయ్యి అడ్డం పెట్టలేదు. "ఉండవే, ముందు దీన్ని తిననీ" అన్నాడు. అది అయ్యేసరికి అత్త పక్క పంక్తిలోకి వెళ్లిపోయింది! విస్తరి ఖాళీగా కనిపిస్తేనే కదా వడ్డించేవాళ్లు మన దగ్గర ఆగేది.

పెద్దపండక్కి మన ఊళ్లో చిక్కు భోజనంతో కాదు, ఇంటింటికీ తిరిగేటప్పుడు. ప్రతి గడపలోనూ రెండు అరిసెలు, గుప్పెడు జంతికలు, టీ. వద్దంటే అలక. అందుకని పెద్దత్త ఇంటికి ఖాళీ కడుపుతో వెళ్లకు, కానీ అక్కడ మాత్రం తిను. తడి బియ్యప్పిండి పాకంలో కలిపి, నువ్వులద్ది, నూనెలోంచి తీసి రెండు చెక్కల మధ్య వత్తిన అరిసె, ఇంకా గోరువెచ్చగా ఉండగానే. సగం నీకు, సగం నాకు. షాపు స్వీట్లూ కూల్ డ్రింకులూ ఏడాది పొడుగునా దొరికేవే, వాటి జోలికి పోకు. "బెల్లమే కదా, ఏం కాదు" అనేవాళ్లు దొరుకుతారు, నమ్మకు. షుగర్ పెంచడంలో బెల్లం పంచదారకేం తీసిపోదు.

కనుమ నాడు మినుము తినాలన్నారు గానీ గంపెడు గారెలు తినమన్లేదు. కోడికూరతో రెండు తిని, పేకాటకి కూర్చోకుండా చెరువు గట్టు దాకా నడుద్దాం. తిన్నాక పది పదిహేను నిమిషాలు నడిచినా తేడా ఉంటుంది. రాత్రికి విందుందని పగలంతా పస్తుండకు, కొన్ని మాత్రలకి అలా చేస్తే షుగర్ పడిపోతుంది. పండగని డోసు నువ్వే పెంచుకోకు, డాక్టర్ని అడుగు.

ఇంతకీ టికెట్ సంగతేంటి? రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు. భోగికి ముందు రోజు దిగాలంటే ఈ నెల రెండో వారంలోనే పొద్దున్న ఎనిమిదింటికి ఫోన్ పట్టుకుని కూర్చోవాలి. బొబ్బిలికి దొరక్కపోతే విజయనగరానికి తీసుకో, స్టేషన్‌కి బండేసుకుని నేనొస్తాను.

నీ బావ