జూలై 4 నాటి సంగతులు: కాకతాళీయమెంత, కావాలని చేసినదెంత?

సంపాదకులకు నమస్కారం.

ఈ జూలై 4 సంచికలో ‘చరిత్రలో ఈ రోజు’ శీర్షిక కింద అమెరికాకు చెందిన మూడు సంగతులు వరుసగా వేశారు: 1776లో స్వాతంత్ర్య ప్రకటనపై సంతకాలు, 1826లో థామస్ జెఫర్సన్, జాన్ ఆడమ్స్‌ల మరణం, 1863లో విక్స్‌బర్గ్ పతనం. శ్రీకాకుళం వైపు నుంచి పొద్దున్నే వచ్చే మీ పత్రికలో మా పర్లాకిమిడి పిల్లలు పోటీ పరీక్షల కోసం కత్తిరించి నోటుపుస్తకంలో అంటించుకునేది ఆ శీర్షికనే కనుక ఈ నాలుగు మాటలు రాయవలసి వచ్చింది.

మొదటిదాన్ని సవరించాలి. ఫిలడెల్ఫియాలో కూడిన కాంటినెంటల్ కాంగ్రెస్ (అమెరికా వలసల ప్రతినిధుల సభ) స్వాతంత్ర్య తీర్మానాన్ని జూలై 2న ఆమోదించింది; ప్రకటన పాఠానికి ఆమోదం 4న లభించింది; సభ్యులలో అత్యధికులు సంతకాలు చేసింది ఆగస్టు 2న. రాబోయే తరాలు జూలై 2ననే పండుగ చేసుకుంటాయని ఆడమ్స్ తన భార్య అబిగైల్‌కు ఉత్తరం కూడా రాశాడు, పాపం.

ఆ ఆడమ్స్, ప్రకటనను రాసిన జెఫర్సన్, ఇద్దరూ అధ్యక్ష పదవి చేసినవారే, ఆ ప్రకటనకు సరిగ్గా 50 ఏళ్లు నిండిన రోజున కొద్ది గంటల తేడాతో, ఒకరు మసాచుసెట్స్‌లోనూ మరొకరు వర్జీనియాలోనూ కన్నుమూశారు. ఆనాడు చాలామంది దీనిని దైవసంకల్పమన్నారు. నా మటుకు నాకు ఇది కాకతాళీయమే. అల్లూరి సీతారామరాజు జయంతి కూడా జూలై 4నే రావడం లాంటిదే ఇదీను.

అమెరికా ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య జరిగిన అంతర్యుద్ధంలోని విక్స్‌బర్గ్ సంగతి వేరు. మిసిసిపీ నది ఒడ్డున ఉన్న ఆ పట్టణాన్ని ఉత్తరాది సేనాని గ్రాంట్ సేనలు 47 రోజులు ముట్టడించగా, తిండికి కటకటలాడిన దక్షిణాది సైన్యానికి నాయకుడైన పెంబర్టన్ స్వయంగా ఫిలడెల్ఫియాలో పుట్టినవాడు. ఉత్తరాది వారికి ఆ రోజంటే ఎంత మక్కువో ఎరిగినవాడు కనుక, జూలై 4న లొంగిపోతే మెరుగైన షరతులు దక్కుతాయని లెక్క వేశాడు. అంటే అక్కడ తేదీయే ఘటనకు ఒక కారణమైంది. 1828లో బాల్టిమోర్–ఒహాయో రైలుమార్గానికి తొలి రాయి వేసేందుకు కూడా కావాలనే ఇదే రోజును ఎంచుకుని, ప్రకటనపై సంతకం చేసినవారిలో అప్పటికి మిగిలిన ఏకైక వ్యక్తి, 90 ఏళ్ల చార్లెస్ కారొల్ చేత ఆ పని చేయించారు.

మా ప్రాంతానికి ఈ తేడా కొత్తేమీ కాదు. మేము ఏటా ఉత్కళ దివస్ (ఒడిశా అవతరణ దినం) జరుపుకునే ఏప్రిల్ 1 ఆర్థిక సంవత్సరానికి తొలి రోజు. 1936లో ఒడిశాతో పాటు సింధు కూడా ఆ రోజునే వేరు రాష్ట్రమైంది. ఆ జంటను కాకతాళీయమని ఎవరూ అనరు.

తేదీల జాబితాకు అసలే చిక్కనివి కూడా ఉన్నాయి. బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్, ఈ పండుగ బానిసకు ఏమవుతుందని నిలదీసిన ప్రసంగాన్ని 1852లో రాచెస్టర్‌లో జూలై 5న చేశాడు. దానిని 4వ తేదీ కింద వేయలేరు, కానీ 4వ తేదీ లేకుండా అది అర్థం కాదు.

శీర్షికకు చోటు తక్కువని తెలుసు. మూడు సంగతులకు బదులు ఒక్కటే వేసి, ఆ రోజే ఎందుకు జరిగిందో ఒక వాక్యం చేర్చగలిగితే మేలు. సంతకాల సంగతి వేయడానికి ఆగస్టు 2 ఇంకా రానేలేదు.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా