కనజావాకు వెళ్లే దారి

చిట్టితల్లీ,

జపాన్‌లోని కనజావాకు దారి అడిగావు. ముందు ఒక తేదీ గుర్తుంచుకో: 2024 మార్చి 16. హొకురికు షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు) ఆ రోజు కనజావా దాటి త్సురుగా వరకు వెళ్లింది. ఒసాకా, క్యోటోల నుంచి అంతకుముందు నేరుగా కనజావా చేర్చిన థండర్‌బర్డ్ అనే ఎక్స్‌ప్రెస్ రైలు అప్పటినుంచి త్సురుగాలోనే ఆగిపోతోంది. అందుకని ఆ తేదీకి ముందు రాసిన సలహాలు ఆ వైపు నుంచి వచ్చేవాళ్లకు పనికిరావు.

టోక్యో దగ్గరి నరితా విమానాశ్రయంలో దిగితే సులువు. స్కైలైనర్ అనే రైల్లో టోక్యోలోని ఉయెనో వెళ్లి షింకన్‌సెన్ ఎక్కు, టోక్యో స్టేషన్ దాకా పోనక్కర్లేదు. కాకపోతే ఉయెనోలో షింకన్‌సెన్ ప్లాట్‌ఫారాలు నేలకింద నాలుగో అంతస్తులో ఉంటాయి. పెట్టెలతో దిగాలి కాబట్టి అరగంట చేతిలో ఉంచుకో. ఆ షింకన్‌సెన్‌లో రెండు రకాల బళ్లున్నాయి. కగయాకి సుమారు రెండున్నర గంటల్లో చేరుస్తుంది గానీ అందులో అన్నీ రిజర్వు సీట్లే. హకుటాకాకు మూడు గంటలు పడుతుంది, రిజర్వేషన్ లేని బోగీలూ ఉంటాయి. విమానం ఆలస్యమవుతుందన్న అనుమానముంటే హకుటాకానే మేలు.

ఒసాకా దగ్గరి కన్సాయ్ విమానాశ్రయంలో దిగితే హరుకా అనే రైల్లో క్యోటో, అక్కణ్ణుంచి థండర్‌బర్డ్‌లో త్సురుగా, ఆపైన త్సురుగి అనే షింకన్‌సెన్. ఊరి పేరు త్సురుగా, బండి పేరు త్సురుగి, కంగారు పడకు. త్సురుగాలో థండర్‌బర్డ్ నేలమట్టంలో ఆగుతుంది, షింకన్‌సెన్ మూడో అంతస్తులో ఉంటుంది. మధ్యలో రెండో అంతస్తులోని గేటులో నీ దగ్గరున్న టికెట్లన్నీ కలిపి ఒకేసారి పెట్టు. మారడానికి ఎనిమిది నిమిషాలే దొరకవచ్చు, కాబట్టి దిగే తలుపు దగ్గరికి ముందే వచ్చి నిలబడు. థండర్‌బర్డ్‌లోనూ అన్నీ రిజర్వు సీట్లే, రెండు బళ్లకూ కలిపే బుక్ చెయ్యి. బివా సరస్సు పడమటి ఒడ్డున హిరా కొండల మీదినుంచి ఈదురుగాలి దిగితే థండర్‌బర్డ్ వెళ్లే లైను ఆపేస్తారు, లేదా బళ్లను మైబరా మీదుగా తిప్పుతారు. చలికాలంలో వస్తే నా ఓటు టోక్యో దారికే.

కనజావా స్టేషన్‌లో కెన్‌రోకుఎన్ తోట వైపు బయటికి రా. అక్కడి పెద్ద కొయ్య ద్వారం త్సుజుమి అనే వాద్యం ఆకారంలో ఉంటుంది, అది మన ఉడుక లాంటిదే. బస్సులు అక్కడే. యుద్ధంలో బాంబులు పడని ఊరు కాబట్టి కోట కాలం నాటి ఇరుకు వీధులు అలాగే మిగిలాయి. ట్రాములు 1967లో తీసేశారు, మెట్రో లేదు, ఊరంతా బస్సు మీదే నడుస్తుంది. వెనక తలుపు నుంచి ఎక్కి నంబరు చీటీ తీసుకో, దిగేటప్పుడు డ్రైవరు పక్కన డబ్బులు వెయ్యి. ఆ డబ్బుల పెట్టె మిగిలిన చిల్లర తిరిగివ్వదు. వెయ్యి యెన్ల నోటును ముందే దాని పక్కనున్న మిషన్‌లో మార్చుకో, అంతకన్నా పెద్ద నోటు పనికిరాదు.

గది చూసేటప్పుడు ఒక జాగ్రత్త. ఉచినాదా వెళ్లే అసనోగావా రైలు లైను స్టేషన్ కిందినుంచే బయల్దేరుతుంది, ఇషికావా లైను మాత్రం నొమాచిలో మొదలవుతుంది. ఇషికావా లైను వైపు గది తీసుకుంటే స్టేషన్‌కు మళ్లీ బస్సే.

అన్నం డబ్బా మరిచినా గొడుగు మరవకు అంటారు అక్కడివాళ్లు. మంచు తడిగా, బరువుగా పడుతుంది. దాన్ని కరిగించడానికి రోడ్డు మధ్య గొట్టాల్లోంచి నీళ్లు చిమ్ముతారు, బాట పక్కన మడమ దాకా నిలుస్తాయి. గుడ్డ బూట్లు తీసుకెళ్లకు, రబ్బరువి అక్కడే కొనుక్కో.

ఏ విమానాశ్రయమో, ఎన్నింటికి దిగుతావో ఖాయం కాగానే రాయి, సీట్లు చూద్దాం.

నాన్న