సురభి తాళ్లు లాగే చేతుల గురించి సాంస్కృతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

సురభి నాటక సమాజం కళాకారులకు శాలువాలు బాగానే కప్పుతున్నాం. నేను అడిగేది వేరే.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు వేయించిన 'కీచక వధ'తో ఈ సమాజం మొదలైంది. మగవాళ్లే ఆడవేషాలు కట్టే రోజుల్లోనే ఇంటి ఆడవాళ్లను వేదిక ఎక్కించారు. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. లేనిది తెర వెనకాల పని.

ఒకసారి వేదిక పక్కన, జనానికి కనపడని వింగ్ దగ్గర నిలబడి వాళ్ల నాటకం చూశాను. నారదుడు గాల్లో తేలుతుంటే జనం చప్పట్లు. ఇటుపక్క ఒక పెద్దాయన, అరచేతులు కాయలు కాసి, తాడు కొద్దికొద్దిగా వదులుతున్నాడు. కళ్లు నారదుడి మీద లేవు, చెవులు మాత్రం హార్మోనియం మీద. ఏ స్వరం దగ్గర ఆపాలో ఆయనకే తెలుసు. నాకైతే పద్యం కంటే అదే గొప్పగా అనిపించింది.

ఆ తాళ్ల లెక్క, తెరలకు రంగులు కలిపే పద్ధతి, బాణాలు ఢీకొన్నప్పుడు నిప్పులు రాలే కిటుకు, అన్నీ నోటి మాటగానే నడుస్తున్నాయి. వీటిని వీడియో తీయించండి. తెర వెనక పెద్దలకు గురువులుగా నెల జీతమిచ్చి, ఒక్కొక్కరి దగ్గర ఇద్దరు కుర్రాళ్లను పెట్టండి. సన్మాన సభ ఒకటి తగ్గినా పర్వాలేదు.

ఇట్లు,
ఒక నాటకాల పిచ్చోడు